దుప్పటి కింద తడి

ఆ నర్సుని ఆవిడ ఏడేళ్లుగా వదల్లేదు.

వేడి టీ గుక్కెడు తాగనివ్వలేదు. డ్యూటీలో కుర్చీలో కూర్చోనివ్వలేదు. హెడ్ నర్సుగా వేస్తామని పైనుంచి రెండుసార్లు కాగితం వస్తే రెండుసార్లూ చించి చెత్తబుట్టలో పారేసింది. వేరే వార్డుకి పోతే ప్రాణం తెరిపిన పడుతుందని తెలిసీ పోనివ్వలేదు. ఇక్కడే ఉండాలి. ఈ పిల్లల వార్డులోనే, ఆ కిటికీ పక్క మంచం రోజూ కళ్లబడేలా ఉండాలి. అదీ ఆవిడ పగ.

వార్డులో అందరూ ఆవిడని 'గడియారం' అంటారు. ఆపరేషనైన పిల్లలకి వీపులో సన్నటి గొట్టం పెట్టి, నొప్పి తెలియకుండా పంపుతో మందు ఎక్కిస్తారు. గంటకోసారి ఠంచనుగా ఆ మంచాల దగ్గర గడియారం ఉంటుంది. ఐసుముక్క ముందు చెంపకి, తర్వాత తొడకి ఆనించి "ఎక్కడ చల్లగా ఉంది నాన్నా?" అంటుంది. తొడ మీద చల్లదనం తెలియకపోతే మందు పనిచేస్తున్నట్టు. కాలివేళ్లు ఆడించమంటుంది. ఆఖరున దుప్పటి ఎత్తి, వీపు కింద అరచెయ్యి పెట్టి తడుముతుంది. గొట్టం అతుకు ఊడితే మందు ఒంట్లోకి పోదు, పక్కమీద కారిపోతుంది. పంపు మాత్రం ఆకుపచ్చ దీపం వేసుకుని ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది.

ఏడేళ్ల కిందట ఒకరోజు, ఆ కిటికీ పక్క మంచం దగ్గర, ఆ నర్సు అలా తడమలేదు. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు ఆకుపచ్చ దీపం చూసింది, కదలకుండా పడుకున్న అయిదేళ్ల పిల్లని చూసింది, 'నొప్పి సున్నా' అని నాలుగుసార్లు రాసింది. సాయంత్రం పక్కబట్ట మార్చబోతే పరుపంతా తడి. పిల్ల నోట్లో దిండు కొస. కొరికి కొరికి దూది బయటికొచ్చింది.

విచారణ లేదు, మందలింపు లేదు. 'మందు సరిగా పట్టలేదు' అని రాసి పెద్ద డాక్టరు ఫైలు మూసేశాడు. ఆసుపత్రి పరువు ముఖ్యం కదా!

ఆ పిల్లే ఇవాళ రెండో ఆపరేషన్‌కి వచ్చింది. పన్నెండేళ్లది. తుంటి ఎముక సరిచేసి, పదింటికల్లా వార్డుకి తెచ్చారు. అదే కిటికీ పక్క మంచం.

చార్టు మీద పేరు గడియారం రెండుసార్లు చదివింది. 'ఇక ఎక్కడికి పోతావే?' అనుకుంది పళ్లు కొరుకుతూ. ఈ పిల్ల తల్లి ముందు ఆ నర్సుని నిలబెట్టాలి. ఇన్నాళ్లూ అందుకే కాచుకుని ఉంది.

"ఏడేళ్లయింది. ఇకనైనా వదిలెయ్యక్కా," అంది ఆయా. సంగతంతా తెలిసింది ఆమెకొక్కతెకే. "ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ."

"ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు. వాళ్ల మొహమైనా చూడవా?"

"ఆ రోజు ఈ పిల్ల మొహం ఎవరు చూశారు?"

ఆయా మాసిన పక్కబట్టలు ఎత్తుకుని బయటికి నడిచింది.

మూడింటికి గడియారం మాస్కు సర్దుకుని, ఐసుముక్క పట్టుకుని వెళ్లింది. తొడ మీద చల్లదనం తెలియడం లేదంది పిల్ల. నొప్పి ఎంతుందో చెప్పమని మొహాల బొమ్మలున్న అట్ట చూపిస్తే నవ్వే మొహం మీద వేలు పెట్టింది. గడియారం అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. దుప్పటి ఎత్తి తడిమింది. పొడిగా ఉంది.

తల్లి చేతులు జోడించింది.

"మీలాంటివాళ్లు అప్పుడుంటే నా బిడ్డ అంత నరకం పడేది కాదు సిస్టర్. అప్పట్లో సాయంత్రం దాకా మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదుగా. ఆ మహాతల్లి ఎవరోగానీ, 'ఏడవకుండా పడుకుంటే మీ అమ్మని పంపిస్తా' అందట. పిచ్చిపిల్ల, నమ్మింది. నాకోసం నోరు మూసుకుని భరించింది."

గడియారం చేతిలో ఐసు కరిగి మోచేతి దాకా కారుతోంది.

"ఆ నర్సు ఇప్పుడు కనబడితే ఏం చేస్తారు?"

"జుట్టు పట్టుకుని ఈ మంచానికేసి కొడతాను."

"ఈ వార్డులోనే ఉంది."

తల్లి దిగ్గున లేచింది. తలుపు దగ్గర సెలైన్ సీసా మారుస్తున్న నర్సుని చూపించింది. "ఆవిడా?"

"కాదు. ఆ అమ్మాయి నిన్నగాక మొన్న చేరింది."

"మరి పిలవండి! దాని మొహం నేను చూడాలి."

ఈ మాట వినాలని ఏడేళ్లు ఎదురుచూసింది గడియారం. ఆ నర్సు ఇప్పుడు కూడా తప్పించుకోవాలనే చూస్తుందని ఆవిడకి తెలుసు. ఈసారి తప్పించుకోనివ్వదల్చుకోలేదు. మంచం చువ్వని గట్టిగా పట్టుకుంది.

"చూడండమ్మా," అంది మాస్కు కిందికి లాగి, "మీ పాపకి ఆ మాట చెప్పింది నేనే."