తల్లి పేరు పోయిన వస్తువు

ఆ రోజుల్లో విజయనగరంలో ఏ కొట్లోనూ సరుకు కంటికి కనబడేది కాదు, అంతా మూసిన అరల్లోనే ఉండేది. వెతుకుడు యంత్రం 'ఉంది' అంటే ఉన్నట్టు, 'లేదు' అంటే లేనట్టు. ప్రతి చిన్న భాగమూ ఏదో ఒక పెద్ద వస్తువు కింద, తల్లి కింద పిల్లలా నమోదై ఉండేది.

ఒకరోజు గిడ్డంగి కౌంటరులో పనిచేసే కళావతి దగ్గరికి సింహాద్రి అనే ముసలాయన వచ్చాడు.

"మా ఇంటిదాని సెవిమిషనుకి రబ్బరు బుడిపి సిరిగిపోనాదమ్మా. నాల్రోజులై దానికి నా మాట ఇనబడ్డం నేదు" అన్నాడు.

కళావతి వెతికింది. ఆ మిషను తయారీ ఆగిపోయిందని జాబితాలోంచి తల్లి పేరు తీసేశారు. దాంతోపాటే పిల్లల పేర్లన్నీ పోయాయి. కానీ ఆ బుడిపెల్ని కిందటి నెలలో తన చేత్తోనే నలభయ్యో అరలో సర్దింది. వెతుకుడు యంత్రం వస్తువు పేరు పలకనిదే అర తెరుచుకోదు.

"ఉన్నాయి తాతా, ఇవ్వలేను" అనడానికి ఆమెకే సిగ్గేసింది. వాటిని వేరే తల్లి కిందికి మార్చమని ఆ పూటే అర్జీ పెట్టింది. రోజూ గుర్తుచేసింది. పదకొండో రోజున అర తెరుచుకుంది.

కళావతి అన్నం కూడా తినకుండా బుడిపె పట్టుకుని వాళ్లింటికి పరిగెత్తింది. సింహాద్రి గుమ్మంలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నిన్న పొద్దున్న ఎల్లిపోనాదమ్మా. ఆకర్ని నాను పిలుత్తుంటే నా పెదాలకేసే సూసింది. ఏటన్నానో తెలీకుండానే తలూపింది."

ఆయన బుడిపెను కాసేపు అరచేతిలో ఉంచుకుని, తిరిగి కళావతి చేతిలో పెట్టాడు.

"ఇంకెవులికైనా అక్కరకొత్తాది. ఈపాలైనా బేగి ఇచ్చెయ్యమ్మా."