సేఫ్టీ షట్టరు

ఆటోలోంచి నలుగురు పట్టి దించిన సినిమా ప్రొజెక్టరును చూసి ఓబుళేసు రెండడుగులు వెనక్కి వేశాడు.

ముదిగుబ్బలో అతనిది కాలిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టే అంగడి. బోర్లు ఎండేకొద్దీ మోటార్లు కాలతాయి కాబట్టి పనికేం లోటు లేదు. ప్రొజెక్టరు మీద చెయ్యి వేసి మాత్రం ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఆ పని తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదు.

"నువ్వే సూడల్లన్నా," అంది వెంట వచ్చిన ఆడమనిషి. "నా పేరు కృపాకుమారి, అంగన్‌వాడీ టీచర్ని. టూరింగ్ టాకీసు ఆపరేటరు జయరాజు కూతుర్ని."



జయరాజు పేరు ఎరగనివాళ్లు లేరు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆట మధ్యలో ఫిల్ము ఇరుక్కుని, దీపం వేడికి కాలి, డేరా నిండా పొగ కమ్మింది. ఎవరో "నిప్పు!" అని అరిచారు. తొక్కిసలాటలో ఇద్దరు పోయారు. ఫిల్ము ఆగిన మరుక్షణం వేడికి అడ్డంగా సేఫ్టీ షట్టరు దానంతట అదే పడాలి. అది ఊరికే పడి బొమ్మ ఆగిపోతే జనం ఈలలు వేసి బూతులు తిడతారు. అందుకని కొందరు ఆపరేటర్లు మూత విప్పి దాన్ని తీగతో కట్టేసేవాళ్లు. జయరాజు కూడా అదే చేసివుంటాడని ఊరు తీర్మానించింది. పాపం, రెండేళ్లు జైల్లో ఉండి వచ్చాడు.

"నాయన పోయిన నెల పోయినాడన్నా. 'నేను కట్టలేదు' అంటానే పానం ఇడిసినాడు. మిషను అప్పట్నుంచీ ఓనరు గోడౌన్లోనే పడుండె. పోలీసులు గూడా తెరిచి సూడలేదు. పాత సామాన్లోళ్లకు ఏస్తాంటే నేనే కొనుక్కొచ్చినా."

ఓబుళేసు మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు. దీన్ని ఎట్లాగైనా వదిలించుకోవాలి.

"దీనికి పెట్టే దుడ్లు దండగమ్మా. ఫిల్మును లాగే పళ్లచక్రాలు అరిగిపోయినాయి, అవే ఎనిమిది వేలు. బెల్టు, రోలర్లు ఇంకో ఐదు వేలు. ఆయిలు కారి గేర్లు పట్టేసినాయి. దీపం ఎనకాల అద్దం పగిలింది, అది ఇప్పుడు యాడా దొరకదు. ఎంత తక్కువన్నా నలభై వేలయితాది. ఇనుము కింద అమ్మేయ్."

"నడిపేదానికి కాదన్నా. లోపల తీగ ఉండాదో లేదో సూసి చెప్పు, సాలు. ఉంటే మా నాయనదే తప్పని ఒప్పుకుంటా. లేకుంటే ఊర్లో ఇంటింటికీ పోయి చెప్తా. ఇన్నేండ్లయినా మాయమ్మ ఒక్క పెండ్లికి పోలేదన్నా."

ఇక తప్పేట్టు లేదు. స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చున్నాడు.

మూతకు నాలుగు స్క్రూలు. మొదటిది తేలిగ్గానే వచ్చింది. రెండోది తుప్పుపట్టి మొరాయించింది. అది రాకపోతే బాగుండునని మొక్కుకున్నాడు. వచ్చింది. కృపాకుమారి ఊపిరి బిగబట్టి భుజం పక్కనే నిలబడింది. భయం ఇద్దరిదీ.

నాలుగో స్క్రూ దగ్గర ఆగాడు. "కొంచెం నీళ్లు తెచ్చీమ్మా. లోపల కుండలో ఉండాయి."

ఆమె లోపలికి వెళ్లగానే దాన్నీ విప్పి మూత తీశాడు.

తీగ ఉంది. నల్లబడిన రాగి తీగ. మూడు చుట్లు చుట్టి గట్టిగా మెలేసి ఉంది.

ఉందని చెబితే పోయినవాణ్ణి మళ్లీ చంపినట్టు. లోపల చెంబు చప్పుడైంది. కటింగ్ ప్లయరుతో చటుక్కున కత్తిరించి, తీగను జేబులో వేసుకున్నాడు.

"ఉండాదా అన్నా?" ఆమె చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఆగింది.

"లేదమ్మా. షట్టరే అరిగి పైన ఇరుక్కుపోయిండాది. మిషనుదే తప్పు. మీ నాయన ఏం చేయలేదు."

కృపాకుమారి అక్కడే నేల మీద కూలబడింది. చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లేచి, గ్రీజు అంటిన అతని చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నువ్వు సల్లగుండల్లన్నా. దేవుడు నిన్ను సల్లగ సూస్తాడు."

మిషనుతో సహా ఆటో కదిరి రోడ్డు మలుపు తిరిగేదాకా ఓబుళేసు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ తర్వాత జేబులోంచి తీగ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

ఆ ఆటకు కొన్నాళ్ల ముందు, ఊరికే పడిపోతున్న షట్టరుకు కొత్త స్ప్రింగు వేశానని చెప్పి జయరాజు దగ్గర మూడు వందలు తీసుకుని, స్ప్రింగుకు బదులు ఈ తీగ కట్టి మూత బిగించి వచ్చింది, అప్పటికి ఇరవై రెండేళ్ల మెకానిక్కు ఓబుళేసే.