పరిగెత్తని అవ్వ

"ఆ పిల్లి మళ్ళీ అవ్వ పక్కనే పడుకుంది!" కంప్యూటర్ ముందు కూర్చుని ఆటను పరీక్షిస్తున్న అమ్మాయి కేకేసింది.

సాయంత్రానికి ఆట విడుదల చేయాలి. ఆటలో ఏనుగంత అడవిపిల్లి ఊరిమీద పడి జనాన్ని తరుముతుంది. అందరినీ తరుముతోంది గానీ, ఆ ఊళ్ళోని అవ్వ బొమ్మ జోలికి మాత్రం పోవడం లేదు.

మేనేజరు ప్రోగ్రామర్ మీద విరుచుకుపడ్డాడు. "ఇదేం క్రూరమృగమయ్యా?"

"పరిగెత్తేవాళ్ళనే తరమమని కోడ్ రాశాను సార్. అవ్వ పరిగెత్తదు."

"ఎందుకు పరిగెత్తదు?"

బొమ్మలు గీసే అమ్మాయి లేచి నిలబడింది. "అవ్వకి నేనే పరుగు గీయలేదు సార్. మా అమ్మమ్మ నడక చూసి గీశాను. మోకాళ్ళ నొప్పులతో మెట్టుమెట్టుకీ ఆగి నవ్వేది. పోయినేడే కన్నుమూసింది. ఆవిణ్ణి పరిగెత్తించడానికి మనసొప్పలేదు."

మేనేజరు తెర మీదికి వంగాడు. అవ్వ నాలుగడుగులు వేసి ఆగింది. వెనకే వస్తున్న పిల్లీ ఆగింది.

"మా అమ్మ కూడా ఇలాగే నడుస్తుంది," అన్నాడు మెల్లగా. "నేనేమో త్వరగా రమ్మని కసురుతుంటాను."

"మరి దీన్ని సరిచేయమంటారా సార్?" ప్రోగ్రామర్ అడిగాడు.

"ముట్టుకోకండి. ఇలాగే వదలండి."

మేనేజరు వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాడు.

"అమ్మా, రేపు పొద్దున మనిద్దరం పార్కుకి వెళ్దాం. ఊహూఁ, కారులో కాదు, నడిచే. ఎంతసేపైనా పర్లేదు."