గుమ్మికొండ పిట్టలు

గుమ్మికొండను తన హాలు గోడ మీద గీయమని రంగనాయకులు గారు నన్ను పిలిపించారు. విశాఖలో ఇప్పుడు ప్రాణమున్న రంగు వేయించుకోని ఇల్లు లేదు. గీసిన వాగు పారుతుంది, గీసిన పిట్ట ఎగురుతుంది.

"పెళ్లయిన కొత్తలో మేమిద్దరం ఆ కొండ మీది జలపాతం దగ్గరికే వెళ్లేవాళ్లం అమ్మాయ్. మళ్లీ కళ్లారా చూసుకోవాలి," అన్నారాయన.

ఆ కొండను క్వారీకి రాసిచ్చిన అధికారి ఆయనే. పేలుళ్లకు కొండ కింద ఉన్న మా ఇల్లు కూలి, అమ్మ దాని కింద పోయింది. నీది ఏ ఊరని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ప్రేమగానే గీశాను. జీలుగు చెట్లు, జలపాతం, అమ్మ కూర్చునే బండ, దాని మీద గోరింకలు. ఆఖరున, ఆనవాయితీ ప్రకారం, తడి రంగులో ఆయన బొటనవేలు అద్దించాను. ఆ ముద్ర పడ్డాక బొమ్మ యజమానిని గుర్తుపడుతుంది, ఆయన బతికినంతకాలం చెరగదు. యజమాని రాగానే పిట్టలు దగ్గరికి వచ్చేలా రంగు కలపాలి. నేను తిరగేసి కలిపాను.

ఆయన ఎదురుగా నిలబడగానే గోరింకలు లేచిపోయాయి. జలపాతం ఎండింది. కొండ రాలి, క్వారీ గొయ్యి మిగిలింది.

"ఏటిది? బాగుచెయ్యి!"

"బాగానే ఉంది బాబూ. మీరోపాలి బయటికెళ్లండి."

ఆయన గుమ్మం దాటగానే కొండ మళ్లీ లేచింది, జలపాతం దూకింది, గోరింకలు బండ మీద వాలాయి. వంటింట్లోంచి వచ్చిన ఆయన భార్య దాన్ని చూసి కళ్లు తుడుచుకుంది. ఆత్రంగా ఆయన లోపలికి రాబోయారు.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరక్కడే ఉండండి. పిట్టలు బెదురుతున్నాయి."