బానెట్‌కి తాళం

తాళాలు బాగుచేసేవాడికి ఏ తాళం మీదా నమ్మకం ఉండదు. మా కథలో తాళాలాయనకు మనుషుల మీద అసలే లేదు.

ఆ రోజు పొద్దున్నే షాపు తలుపు తీసేసరికి ఎదురుగా అతని కారు బానెట్ ఎత్తి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొని ఇంకా నెల తిరగలేదు.

ఎవరో ముసలాయన అందులోకి వంగి ఉన్నాడు. చేతిలో పెద్ద సీసా, దాని నిండా నీళ్ళు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. సీసాలో నీళ్ళు సగం చొక్కా మీదే ఒలికాయి.

"తాళంచెవి నా దగ్గరుంటే నువ్వు బానెట్ ఎలా తీశావ్?"

"బండి ముందు వైపు, కింద చిన్న తీగ ఉంది బాబూ. లాగితే వచ్చేస్తుంది."

తాళాలాయనకు ఒళ్ళు మండింది. తన బండి గురించి తనకే తెలియని గుట్టు వీడికెలా తెలుసు?

రోజూ కారు కింద తడి కనబడుతోంది. సాయంత్రమయ్యేసరికి వేడి చూపించే ముల్లు పైకి ఎగబాకుతోంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"నా బండిలో నీళ్ళు తోడేస్తున్నావన్నమాట! ఇంజన్ వేడెక్కితే రిపేరుకి పరిగెత్తుకొస్తాననేగా? ఏ గ్యారేజీవాడు పంపాడు నిన్ను?"

"తోడటం లేదు బాబూ, పోస్తున్నాను."

"ఊరికే?"

"ఊరికే."

"పరాయివాడి బండికి ఊరికే నీళ్ళు పోసేవాడు ఎక్కడైనా ఉంటాడా?"

ముసలాయన నేలచూపులు చూశాడు. నేలచూపులు చూసేవాడు దొంగేనని తాళాలాయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు.

"ఒక్కసారి మంచి మెకానిక్‌కి చూపించు బాబూ. కడుపుతో ఉన్న మనిషి ఎక్కే బండి."

తాళాలాయన ఒక అడుగు ముందుకేశాడు.

"మా ఇంటి సంగతులు కూడా ఆరా తీశావా? ఇంకోసారి ఈ వీధిలో కనబడితే కాళ్ళు విరగ్గొడతా!"

ముసలాయన బానెట్ మెల్లగా దించి వెళ్ళిపోయాడు.

మేడ మీది కిటికీలోంచి భార్య అంతా చూసింది. "పాపం, పెద్దాయన చెప్పేది కాస్త వినొచ్చుగా?"

"వింటేనే మోసపోయేది. ఏడాదిదాకా బానెట్ తెరవక్కర్లేదని కారు అమ్మినవాడు చెప్పాడుగా."

"అమ్మినవాణ్ణి మాత్రం నమ్మారే!"

"వాడు ఆర్నెల్ల గ్యారంటీ కాగితం రాసిచ్చాడే!"

ఆ మధ్యాహ్నమే బానెట్‌కి గొళ్ళెం బిగించి, షాపులో ఉన్నవాటిల్లోకెల్లా మొండి తాళం తగిలించాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ముసలాయన మళ్ళీ ఆ వీధిలో కనబడలేదు.

"చూశావా? దొంగ కాకపోతే ఎందుకు మానేస్తాడు?" అన్నాడు భార్యతో.

రెండ్రోజులకే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి.

కారు ఆసుపత్రి దారిలో సగం దూరం వెళ్ళిందో లేదో, ముల్లు ఎర్రగీత దాటేసింది. బానెట్ సందుల్లోంచి బుసబుసమని ఆవిరి లేచింది. ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

తాళాలాయన కిందికి దూకి జేబులు తడుముకున్నాడు. బానెట్ తాళంచెవి షాపులోనే ఉండిపోయింది.

"ఏమండీ, నా వల్ల కావడం లేదు" అంది భార్య, సీటు అంచు గట్టిగా పట్టుకుని.

అతను రోడ్డుకి అడ్డంగా నిలబడి, వస్తున్న పాలవ్యాన్‌ని ఆపాడు. డ్రైవర్ ఎవరో, ఏమిటో అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అనుమానించకుండా బండెక్కడం అతనికి అదే మొదలు.

వ్యాన్ ఆసుపత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమంది డాక్టరు. తాళాలాయన వరండాలో కూలబడి ఏడ్చేశాడు.

మర్నాడు మెకానిక్ కారు విప్పి చూశాడు.

"వాటర్ పంపు ఎప్పట్నుంచో కారుతోందండీ. పైన పేస్టు పూసి మీకు అంటగట్టారు. నీళ్ళు లేక ఇంజన్ హెడ్ వంకర తిరిగింది. హెడ్ సాపు చేయించి, పంపు కొత్తది వేస్తే నడుస్తుందిలెండి. కానీ ఇంత కారే బండి రెండ్రోజులు నడవడమే గొప్ప. ఇన్నాళ్ళూ రోజూ నీళ్ళు పోసిందెవరు?"

తాళాలాయనకు తడిసిన చొక్కాతో ముసలాయన గుర్తొచ్చాడు.

అయితే అనుమానం అంత తేలిగ్గా చచ్చేది కాదు. కాసేపటికే తల ఎత్తింది. గ్యారంటీ గడువు తీరేదాకా లోపం బయటపడకుండా, అమ్మినవాడే మనిషిని పెట్టి నీళ్ళు పోయించాడన్నమాట!

తాడోపేడో తేల్చుకుందామని కారు అమ్మినవాడి దగ్గరికి వెళ్ళాడు.

"కారే పంపుకి పేస్టు పూసి అమ్మిందికాక, నీ మనిషిచేత దొంగచాటుగా నీళ్ళు పోయిస్తావా? నా పెళ్ళాం రోడ్డు మీద చచ్చిపోయేదిరా!"

"నా మనుషులెవరున్నారన్నా? ఇక్కడ నేనొక్కణ్ణే."

"మరి ఆ ముసలాడెవడు? పొడుగ్గా, బక్కగా... మాటకొకసారి బాబూ, బాబూ అంటాడు!"

అమ్మినవాడు కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"ఎక్కడ? ఎక్కడ చూశావన్నా? ఇప్పుడెక్కడున్నాడు?"

"నాకేం తెలుసు? తరిమేశాను. ఇంతకీ ఎవరాయన?"

అమ్మినవాడు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"కడుపుతో ఉన్న నీ భార్యకోసమని నువ్వు చెప్పినప్పుడు వెనకాల బండ్లు కడుగుతూ విన్నాడు. ఇది మాత్రం అమ్మొద్దురా అని బతిమాలాడు, నేనే వినలేదు. నువ్వు కారు తీసుకెళ్ళిన సాయంత్రమే ఇల్లొదిలి వెళ్ళిపోయాడన్నా, మా నాన్న."