షివాన్ జుట్టు

ఇంగ్లీషు వాళ్ళ ఏలుబడిలో ఉన్న ఐర్లండ్‌లో, కార్క్ దగ్గరి ఒక పల్లెలో పట్టపగలు, చర్చి నుంచి వస్తున్న షివాన్‌ని ముసుగు మనుషులు పట్టుకుని, గొర్రెల కత్తెరతో జుట్టంతా కత్తిరించేశారు. "ఇంగ్లీషు సిపాయితో కులుకుతావే?" అని మొహాన ఉమ్మారు. ఊరంతా చూస్తూ నిలబడింది.

ఆ సిపాయితో మాటలు కలిపి, సిపాయిలుండే బారక్సు రహస్యాలు రాబట్టమని ఆమెని పంపింది తిరుగుబాటు దళ నాయకుడు డెర్మట్. ఆ సంగతి ఆమెకీ డెర్మట్‌కీ మాత్రమే తెలుసు.

సాయంత్రం డెర్మట్ ఇంటికొస్తే ఆమె తలగుడ్డ తీసింది.

"నీ మనుషులకి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పాను. కత్తిరించమన్నది నేనే." తీరిగ్గా కూర్చున్నాడు. "బారక్సు వాళ్ళకి నీమీద అనుమానం మొదలైంది. ఇక చూడు, మేం నిన్నిలా శిక్షించామని తెలిస్తే గుండెల్లో పెట్టుకుంటారు. దేశం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా?"

ముందే అడిగుంటే కత్తెర తనే అందించేది.

అతను తల నిమరబోయాడు. షివాన్ వెనక్కి జరిగింది.

"రేపు బారక్సుకి వెళ్తాను. నువ్వు మాత్రం మళ్ళీ నా గడప తొక్కకు."