తళతళలాడే పంపు

“స్టార్ట్ కాకపోతే ఇవాళే తుక్కుకి. మాట తప్పకూడదు బావా,” అన్నాడు బావమరిది, కారుకి ఆనుకుని.

బావ వెనక సీటు పీకి వరండాలో పడేసి, దాని కిందున్న, ఇంజనుకి పెట్రోలు తోడే పంపు మార్చడానికి పొద్దుటినుంచీ కారులో బోర్లా పడుకునే ఉన్నాడు. ఒకప్పుడు మంత్రిగారు తిరిగిన కారు అది. ఈయన కొన్నాక దాన్ని వీధి వీధంతా తోసింది.

ఆఖరి నట్టు బిగించి, వైరు తగిలించి, తాళం తిప్పాడు. కారు రెండుసార్లు దగ్గి, స్టార్టయింది.

“మెకానిక్ దండగని చెప్పానా? దీనికి బుర్ర కావాలిరా.”

“ఒప్పుకున్నా బావా. ఆదివారం నా బండి కూడా నువ్వే చూడు.”

అంతలో భార్య వరండాలోంచి వచ్చింది. చేతిలో పంపు, దానిమీద చెక్కు చెదరని కంపెనీ స్టిక్కరు.

“ఏమండీ, వరండాలో సీటు కింద ఇది...”

ఆయనకి సంగతి అర్థమైంది. తను విప్పి భోజనాల బల్ల మీద పెట్టిన పాత పంపుని, ఆ జిడ్డు చూడలేక ఆవిడ తళతళలాడేలా తుడిచిపెట్టింది. తళతళలాడేదే కొత్తదనుకుని ఆయన మళ్లీ దాన్నే బిగించాడు. అంటే ఇన్నాళ్లూ చెడింది పంపు కాదు, వైరు వదులైందంతే.

“ఏంటక్కా అది?”

ఆవిడ మొగుడి మొహం చూసింది. స్టిక్కరు మీద మెల్లగా అరచెయ్యి కప్పింది.

“పాత పంపురా.”

“పారేయొచ్చుగా?”

“ఉండనీలే,” అందావిడ. “కొత్తది పాడైతే వేసుకుంటారు.”